దయచేపి

ప్రెస్సులో ఆమెని అందరూ టకటకమ్మ అంటారు. హాజరు పుస్తకంలో వేరే పేరుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా వెంటనే పలకదు, పక్కవాళ్ళనేమో అనుకుంటుంది. ఇరవై ఆరేళ్ళుగా వెనకగదిలో కూర్చుని తెలుగు టైపు చేస్తోంది. తలుపు మూసి ఉన్నా, ముందుగదిలో అచ్చుమిషను తిరుగుతున్నా, ఆ టకటక వినబడుతూనే ఉంటుంది. అది ఆగిందంటే రెండే కారణాలు. ఆమె మంచినీళ్ళయినా తాగుతూ ఉండాలి, ఎవరి చేతిరాతనయినా తిట్టుకుంటూ ఉండాలి.

తిట్లలో ఆమెకి పక్షపాతం లేదు. డాక్టర్లనీ, లాయర్లనీ, కవులనీ ఒకే తక్కెడలో వేసి తూస్తుంది. ఈయన రాసింది 'మ'నో 'య'నో ఈయనకే తెలియదు, నాకెలా తెలుస్తుంది అని సణుగుతూనే వరసన పది పేజీలు తప్పు లేకుండా కొట్టేస్తుంది. కొట్టేటప్పుడు కీబోర్డు వంక చూడదు. చూసినా లాభం లేదు, మీటల మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. కొత్త కీబోర్డు తెస్తామంటే ఒప్పుకోదు. వేళ్ళకి దారి తెలిసినప్పుడు మధ్యలో కళ్ళెందుకని ఆమె వాదన.

ఆ దారి ఆమె పద్దెనిమిదో ఏట టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకుంది. అక్కడి మాస్టారు విద్యార్థుల చేతుల మీద తువ్వాలు కప్పి నేర్పేవాడు. చూడకుండా నేర్చుకున్న విద్య చచ్చేదాకా పోదని ఆయన నమ్మకం. ఆ మాట నిజమే. కాకపోతే అలా నేర్చుకున్నదాన్ని ఇంకొకరికి నోటితో చెప్పడం రాదన్న సంగతి ఆయన చెప్పలేదు. ప్రెస్సులో కంప్యూటర్ ముందు కూర్చున్నాక ఆమె పట్టుబట్టి, పాత టైపుమిషనులో ఏ మీట ఎక్కడుందో ఇక్కడా అక్కడే ఉండేట్టు ఒక ప్రోగ్రాము రాయించుకుంది. అక్షరానికి ఒక మీట, దాని తలకట్టుకో గుణింతానికో ఇంకో మీట. ఆ పద్ధతిలో కొట్టేవాళ్ళు ఇప్పుడు ఊళ్ళో వెతికినా దొరకరు.

ప్రెస్సాయన, అంటే యజమాని, మంచివాడే. కాగితం దగ్గర మాత్రం మహా పీనాసి. ఒకవైపే అచ్చయి పనికిరాకుండా పోయిన కాగితాలన్నీ ఒకచోట పేర్చి, రెండోవైపు ప్రూఫులు తీయిస్తాడు. దానికి ఒంటివైపు గుట్ట అని పేరు. ఆ గుట్టలో పడ్డ కాగితం వారం తిరక్కుండా రెండోవైపూ నిండి, ఎర్రసిరా దిద్దుబాట్లు పూసుకుని, చిత్తుబుట్టలోకి పోతుంది. ఈ గుట్ట సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందుముందు దీనితో పనుంది.

మూడేళ్ళుగా టకటకమ్మ చేతిలో ఉన్న పెద్ద పని మొక్కల టీచరమ్మ నిఘంటువు. ఆవిడ బడిలో మొక్కల పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నలభై ఏళ్ళపాటు తోటమాలుల్నీ, పశువుల్ని మేపేవాళ్ళనీ, కట్టెలు కొట్టేవాళ్ళనీ అడిగి అడిగి ఏడు వేల మొక్కల పేర్లు పోగుచేసింది. టైపు మొదలైన ఏడాదే ఆవిడకి చూపు మందగించింది. ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. ఆవిడ చేత్తో రాసిన కాగితాలు నిరుడు ఇంట్లో నీళ్ళగొట్టం పగిలి ముద్దయిపోయాయి. ప్రతి సోమవారం ఆవిడ ఫోను చేస్తే టకటకమ్మ ఆ వారం కొట్టిన పేర్లు చదివి వినిపిస్తుంది. ఆవిడ మధ్యలో ఆపి, అది నేలమీద పాకేది కాదమ్మా, చెట్టెక్కేది అని దిద్దుతుంది. టకటకమ్మని దిద్దే ధైర్యం లోకంలో ఆవిడొక్కతికే ఉంది, ఆవిడ దిద్దితే టకటకమ్మ మురిసిపోతుంది కూడాను. ఇద్దరూ కలిసి 'స' దాకా వచ్చారు. ఇంక 'హ' ఒక్కటి మిగిలింది.

ఇక జాగ్రత్తయ్య. కంప్యూటర్లు బాగుచేసే మనిషి, నలభై దాటాయి, ప్రతి మాటకీ ముందూ వెనకా జాగ్రత్త అంటాడు గనక ప్రెస్సాయన ఆ పేరు పెట్టాడు. నాలుగేళ్ళ కిందట పక్కవీధి ఆఫీసులో దొంగలు పడి కంప్యూటర్లు ఎత్తుకుపోయారు. వాటితోపాటు జనం వివరాలన్నీ ఎవరి చేతుల్లోనో పడ్డాయి. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగితే ఏం లాభమని, జాగ్రత్తయ్య మర్నాడే వచ్చి టకటకమ్మ కంప్యూటర్లో డిస్కుకి తాళం వేశాడు. ఇంటి తలుపు తాళమైతే బద్దలుకొట్టొచ్చు గానీ, ఇది అలాంటిది కాదట. పాస్‌వర్డు తెలియకపోతే లోపలున్నదంతా చిందరవందర అక్షరాలే, డిస్కు ఊడబీకి పట్టుకుపోయినా ఎవరికీ ఏమీ దక్కదు. వారం వారం నకలు తీసే చిన్న డిస్కుకీ అదే తాళం వేశాడు. పదిసార్లు తప్పు కొడితే ఇంక పాస్‌వర్డు అడగను కూడా అడగదు. అప్పుడు నలభై ఎనిమిది అంకెల రక్షణ సంఖ్య ఒక్కటే దిక్కు.

పాస్‌వర్డులో కనీసం ఎనిమిది గుర్తులు ఉండాలన్నాడు. టకటకమ్మ నాలుగక్షరాల తెలుగుమాట ఒకటి తలచుకుని, అతన్ని గోడవైపు తిరగమని, టకటకా కొట్టింది. తెరమీద ఎనిమిది చుక్కలు పడ్డాయి. ఆ తాళం దగ్గర ఆమె తెలుగు ప్రోగ్రాము ఇంకా నిద్ర లేవదు. అందుకని ఆ ఎనిమిది దెబ్బలూ ఇంగ్లీషు అక్షరాలుగా, అర్థం పర్థం లేని గందరగోళంగా లోపలికి పోయాయి. చుక్కలు తప్ప ఏమీ కనబడవు గనక ఆ సంగతి ఆమెకి తెలియలేదు. జాగ్రత్తయ్య రక్షణ సంఖ్యని కాగితం మీద అచ్చుతీసి, దీన్ని ప్రాణంలా చూసుకోమని చేతికిచ్చి వెళ్ళాడు. ఆమె దాన్ని బల్లమీద పెట్టి టీకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ప్రెస్సాయన బల్ల సర్ది పెట్టాడు. ఒకవైపే అచ్చయిన కాగితం ఆయన కంట పడితే ఎక్కడికి పోతుందో మీకు తెలుసు. ఆమెకి గుర్తొచ్చి వెతికేనాటికి గుట్ట రెండుసార్లు మారిపోయింది. జాగ్రత్తయ్యకి చెబితే గంటసేపు ఉపన్యాసం వినాలని భయపడి, చెప్పకుండా ఊరుకుంది.

ఈ ఏడు ఆ కంప్యూటర్లోని సిస్టమ్‌కి కాలం చెల్లింది. తయారుచేసినవాళ్ళు ఇక దానికి రక్షణ సవరణలు పంపరట. అంటే కన్నం పడినా పూడ్చే దిక్కు లేదు. ప్రెస్సుకి రోజూ పదిమంది పదిరకాల పెన్‌డ్రైవులు తెచ్చి గుచ్చుతారు, ఏ దాంట్లో ఏ పురుగుందో ఎవరికి తెలుసు? కొత్త సిస్టమ్ వేద్దామన్నాడు జాగ్రత్తయ్య, కానీ పైకి అందంగా ఉందని వేసుకునేది కాదు ఇది అన్నాడు. ఒక పగలంతా కూర్చుని ప్రశ్నలు వేసుకున్నాడు. కంప్యూటర్ లేస్తున్నప్పుడు సిస్టమ్ కంటే ముందు దొంగప్రోగ్రాము దూరితే పట్టుకునే ఏర్పాటు ఈ మిషనులో ఉందా? డిస్కు తాళం కొత్తదాంట్లోనూ నిలుస్తుందా? పెన్‌డ్రైవు గుచ్చగానే దానంతటదే ఏదీ నడవకుండా ఆపొచ్చా? రోజువారీ పనికి ఒక ఖాతా, ప్రోగ్రాములు మార్చే పెద్ద అధికారానికి వేరే ఖాతా ఉండాలన్నాడు. కూరగాయలకి వెళుతూ బీరువా తాళాలు చేతిలో పట్టుకు తిరగం కదా అని అడిగాడు. అన్నిటికంటే ముందు నకలు తీయాలి, తీస్తే చాలదు, అది తెరుచుకుంటోందో లేదో తెరిచి చూడాలి.

చివర్లో, కొత్తదాంట్లో పాస్‌వర్డు బదులు వేలిముద్ర పెట్టుకోవచ్చు అన్నాడు. టకటకమ్మకి ఎక్కడలేని పౌరుషం వచ్చింది.

"నలభై ఏళ్ళు అక్షరాలు కొట్టి కొట్టి, ఆఖరికి నన్ను వేలిముద్ర వేయమంటావా తమ్ముడూ?"

ప్రెస్సాయన నవ్వు ఆపుకోలేక దగ్గు వచ్చినట్టు నటించాడు. పని సోమవారానికి పెట్టుకున్నారు.

గురువారం సాయంత్రం టకటకమ్మ ఇంటి మెట్ల మీద తడికి జారి పడింది. కుడిచెయ్యి ఆనించబోతే మణికట్టు విరిగింది. ఆమె భర్త బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు, నిదానస్థుడు. మణికట్టు పోయి పిండికట్టు వచ్చిందని ఆస్పత్రిలోనే హాస్యమాడి, ఆమె ఎడమచేత్తో భుజం మీద ఒకటి వేయించుకున్నాడు. ఆరు వారాలు ఆ చెయ్యి కదపకూడదన్నారు.

అయినా సోమవారం పొద్దున్నే మెళ్ళో కట్టుతో ప్రెస్సుకి వచ్చింది. జాగ్రత్తయ్య కంప్యూటర్ వేశాడు. నల్లటి తెరమీద తాళం పెట్టె కనబడింది. ఆమె కుర్చీలో కూర్చుని ఎడమచెయ్యి ఎత్తింది, ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఎడమచేతికి తన వాటా మాత్రమే తెలుసు. కుడిచేతి వాటాలో ఏ మీట ఎక్కడుందో ఎంత తలచుకున్నా తలకి అందలేదు. మీటలు చూద్దామంటే వాటిమీద అక్షరాలే లేవు. మూడుసార్లు ప్రయత్నించింది, మూడుసార్లూ తప్పు.

జాగ్రత్తయ్య ఆమెని ఆపి, మాట చెప్పమన్నాడు, తానే కొడతానన్నాడు. ఆమె ప్రెస్సాయన వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"దయచేపి."

"దయచేసి అనమ్మా" అన్నాడు ప్రెస్సాయన. "నొప్పిమాత్రలకి నాలుక మందంగా ఉన్నట్టుంది."

జాగ్రత్తయ్య పాత టైపుమిషను మీటల పటం ఒకటి ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకుని, దయచేసి అని కొట్టాడు. తప్పు. గుణింతం ముందు, అక్షరం వెనక పెట్టి మళ్ళీ కొట్టాడు. తప్పు. అప్పుడామె విసుగ్గా, సి కాదు పి అని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆ లెక్కన ఇంకో రెండుసార్లు కొట్టాడు. పటంలో మీటలున్నాయి గానీ, ఏది ముందో, షిఫ్టు ఎక్కడ నొక్కాలో లేదు. ఏడు అయిపోయాయి. మూడే మిగిలాయి. అతను కీబోర్డు మీంచి చేతులు తీసేసి, రక్షణ సంఖ్య కాగితం ఇమ్మన్నాడు.

టకటకమ్మ ఒంటివైపు గుట్ట వైపు చూసింది. ఆమె చూపు పట్టుకుని జాగ్రత్తయ్యా అటు చూశాడు. ఇద్దరూ తన వైపు తిరిగేసరికి ప్రెస్సాయనకి విషయం అర్థమై, అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. జాగ్రత్తయ్య ఉపన్యాసం ఇవ్వలేదు. ఇచ్చి ఉంటేనే బాగుండేది. కంచే చేను మేసినట్టయింది అక్కా, దొంగలు రాకుండా వేసిన తాళం మననే బయట నిలబెట్టింది అని మెల్లిగా అన్నాడంతే.

పదకొండు గంటలకి ఫోను మోగింది. మొక్కల టీచరమ్మ. టకటకమ్మ చెయ్యి విరిగిన సంగతి చెప్పి, 'స' పేర్లు వచ్చే వారం చదువుతానంది. తాళం మాట చెప్పడానికి నోరు రాలేదు. అవతల ఆవిడ కంగారుపడి, నూనె రాయమనీ, బరువులెత్తొద్దనీ నాలుగు జాగ్రత్తలు చెప్పింది.

"నువ్వు నిదానంగా కోలుకో అమ్మా. పుస్తకం నీ దగ్గరుంది, నాకేం భయం లేదు" అంది చివరికి.

ఫోను పెట్టేశాక టకటకమ్మ చాలాసేపు ఆ నల్లటి తెర ముందే కూర్చుంది. ఏడు వేల పేర్లు. కళ్ళున్నప్పుడు రాసిన కాగితాలు ముద్దయిపోయాయి, వేళ్ళున్నప్పుడు కొట్టిన పుస్తకం తాళంలో ఉండిపోయింది. ఆ మాటని తనలాగే కొట్టగల వేళ్ళు లోకంలో ఇంకొక్క జతే ఉన్నాయి. అవి రెండు వీధుల అవతల ఉన్నాయి. వాటిని అడగడం కంటే రెండో చెయ్యి కూడా విరగ్గొట్టుకోవడం తేలికనిపించింది ఆమెకి.

ఆ వేళ్ళు చేపివి.

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఇద్దరూ ఒకే రోజు చేరారు. ఒకే బల్ల, ఒకే తువ్వాలు. చేపి వేగంలో రెండాకులు ఎక్కువే చదివింది. పరీక్ష రోజున టకటకమ్మకి మూడో నంబరు మిషను వచ్చింది. అది ముసలి మిషను. దాని 'స' అరిగిపోయి ఉండేది, ఒక్కోసారి కొడితే అచ్చం 'ప'లాగే పడేది. ఆమె చేపిని బతిమాలి చోటు మార్చుకుంది. చేపి నవ్వుతూ వెళ్ళి అందులో కూర్చుంది. ఫలితాలొచ్చిన రోజు మాస్టారు చేపి కాగితం అందరికీ చదివి వినిపించాడు. ఉత్తరం చివర, దయచేసి అనాల్సిన చోట దయచేపి అని ఉంది. గది గదంతా పడీపడీ నవ్వింది. ఆ పూట నుంచి ఆ పిల్ల చేపి అయిపోయింది. తప్పు మిషనుదని తెలిసినది ఒక్క టకటకమ్మకే. అప్పుడు చెబితే చోటు మార్చుకున్నందుకు తన పరీక్ష పోతుందని నోరు మూసుకుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. పదమూడేళ్ళు గడిచాక ఈ ప్రెస్సులో ఒక్క ఉద్యోగానికి ఇద్దరూ వచ్చారు. టకటకమ్మని ముందు లోపలికి పిలిచారు. బయట కూర్చున్నావిడ ఎలా కొడుతుందని ప్రెస్సాయన అడిగితే, ఆమె దయచేపి కథ చెప్పి నవ్వించింది. మిషను సంగతి మాత్రం చెప్పలేదు. ప్రెస్సాయన నవ్వుతూనే బయటికొచ్చి, దయచేపి అంటే నువ్వేనా అమ్మా అని చేపిని అడిగాడు. చేపి లేచి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ ఆఫీసుల గేటు పక్కన, రేకుల పందిరి కింద బల్ల వేసుకుని జనానికి అర్జీలు టైపు చేసి పెడుతోంది. ఈ ఇరవై ఆరేళ్ళలో ఒకరు ఇటు నడిస్తే ఇంకొకరు రోడ్డు దాటి అటు నడిచారు. ప్రెస్సాయన ఆ రోజు అన్న మాట ఆ రోజే మరిచిపోయాడు. అనేవాళ్ళకి గుర్తుండదు.

మధ్యాహ్నం టకటకమ్మ వెళ్ళి ఆ రేకుల పందిరి ముందు నిలబడింది. చేపి జుట్టు సగం నెరిసింది, నడుము మాత్రం మాస్టారు కూర్చోబెట్టినట్టే నిటారుగా ఉంది. ఎదురుగా ఒక ముసలాయన తన అర్జీ చెబుతున్నాడు, చేపి కొడుతోంది. తలెత్తి మనిషిని చూడలేదు, పిండికట్టుని చూసింది.

"ఏం కావాలి?"

"నా చెయ్యి విరిగింది. నీ వేళ్ళు కావాలి" అంది టకటకమ్మ. ఎందుకో, ఎవరి పుస్తకమో, ఎన్నిసార్లు మిగిలాయో అంతా గబగబా చెప్పేసింది. మాట ఏమిటో మాత్రం చెప్పలేదు.

చేపి అర్జీ పూర్తిచేసి, సంతకం ఎక్కడ పెట్టాలో ముసలాయనకి వేలితో చూపించి, మిషను మీద ముసుగు కప్పింది.

"కోపం నీ మీద గానీ, కళ్ళు కనబడని ఆవిడ మీద నాకేం కోపం? పద."

దారిలో ఇద్దరూ రోడ్డుకి ఒకే వైపున నడిచారు.

వెనకగదిలో చేపి కుర్చీ ఎత్తు సరిచేసుకుని, అక్షరాలు లేని మీటల మీద ఒకసారి వేళ్ళు ఆనించి చూసి, సరిపోయినట్టు తల పంకించింది. టకటకమ్మ తన కుర్చీ వెనక ఉన్న తువ్వాలు తీసి ఆమె చేతుల మీద కప్పింది. పాస్‌వర్డు కొట్టేటప్పుడు ఎవరూ చూడకుండా ఇంతకంటే మంచి ఏర్పాటు తన సర్వీసులో చూడలేదని జాగ్రత్తయ్య మెచ్చుకోబోయి, ఇద్దరి మొహాలూ చూసి మానుకున్నాడు.

"మాట చెప్పు" అంది చేపి.

టకటకమ్మ తువ్వాలు కొసలు ఇంకోసారి సర్దింది. ఆఖరికి చెప్పింది.

"ఆ రోజు నీ పరీక్ష కాగితంలో పడ్డ మాట."

తువ్వాలు కింద చేతులు కదలకుండా ఉండిపోయాయి.

"ఎప్పట్నుంచి ఇది నీ తాళం?"

"నాలుగేళ్ళ నుంచి."

"రోజూ కొడతావా?"

"రోజూ పొద్దున్నే. వచ్చి కూర్చోగానే ముందు అదే."

చేపి తెరవైపు తిరిగి కొట్టింది. ఎనిమిది దెబ్బలు, ఊపిరి తీసుకున్నంతసేపు కూడా పట్టలేదు. తెరమీద ఎర్రటి గీత వచ్చింది. తప్పు. ఇంక రెండే మిగిలాయి.

జాగ్రత్తయ్య నుదురు తుడుచుకున్నాడు. చేపి తువ్వాలు వంకే చూస్తోంది.

"'సి' కొట్టాను" అంది నెమ్మదిగా. "నా వేళ్ళు 'సి'నే కొట్టాయి. ఆ రోజు కూడా నేను 'సి'నే కొట్టాను."

"తెలుసు" అంది టకటకమ్మ. "నువ్వు సరిగ్గానే కొట్టావు. ఆ మిషనులో 'స' అరిగిపోయింది. అది నాకొచ్చిన మిషను, నేనే నిన్ను అందులో కూర్చోబెట్టాను. ఆ రోజు చెప్పలేదు. ఇక్కడ ఉద్యోగానికొచ్చిన రోజు ఈయనకి నీ తప్పు చెప్పి నవ్వించాను గానీ, మిషను తప్పని చెప్పలేదు. ముందుగదిలో బల్లమీద నువ్వు కూర్చున్నావు, చెప్పొచ్చు, చెప్పలేదు. ఈ కుర్చీ నీది."

స్టూలు మీద ప్రెస్సాయన కదిలాడు. ఇరవై ఆరేళ్ళ కిందటి మధ్యాహ్నం ఆయనకి ఇప్పుడు గుర్తొచ్చింది.

"ఆ రోజు నవ్వింది నేను గదమ్మా" అన్నాడు. లేచి ఒంటివైపు గుట్టని సర్దడం మొదలెట్టాడు.

చేపి తువ్వాలు కింద మీటలని వేళ్ళతో తడిమింది. తనలో తను అనుకుంటున్నట్టు అంది.

"ఆ తప్పు ఎలా కొట్టాలో నాకు రాదు. ఎప్పుడూ కొట్టలేదుగా."

ఈసారి వేగంగా కొట్టలేదు. మొదటి రోజు బల్ల ముందు కూర్చున్న పిల్లలా ఒక్కో మీటా వెతుక్కుంటూ కొట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆరో దెబ్బ తర్వాత ఆగింది. ఏడో మీట మీద వేలు వెళ్ళి, వెనక్కి వచ్చి, పక్క మీట మీదికి పోయింది. ఎనిమిదోది పడగానే తెర వెలిగింది. ఎడమపక్క మొక్కల పుస్తకం బొమ్మ, ఎప్పుడూ ఉండేచోటే ఉంది.

టకటకమ్మ పిండికట్టుతోనే కళ్ళు తుడుచుకోబోతే ముక్కుకి తగిలింది. చేపి తువ్వాలు తీసి ఆమె ఒళ్ళో పడేసింది. ఆ పడేయడంలో కోపం ఉంది, కానీ పాత కోపం కాదు. అది ఇంటివాళ్ళ మీద వచ్చే కోపం.

మిగతా రోజంతా జాగ్రత్తయ్యదే. ముందు నకలు తీశాడు, దాన్ని తెరిచి 'అ' నుంచి 'స' దాకా పేజీలు తిప్పి చూశాడు, అప్పుడుగానీ కొత్త సిస్టమ్ ముట్టుకోలేదు. ఖాతాలు రెండు చేశాడు, పెన్‌డ్రైవులకి కళ్ళెం వేశాడు, సవరణలు వాటంతటవే వచ్చేట్టు పెట్టాడు. రక్షణ సంఖ్యని ఈసారి రెండు కాగితాల మీద, రెండేసి వైపులా అచ్చుతీశాడు, ఒంటివైపు గుట్టకి ఎర కాకుండా. ఒకటి ప్రెస్సాయన ఇనప్పెట్టెలో పెట్టించాడు. రెండోది ఈ కప్పు కింద ఉండకూడదన్నాడు. టకటకమ్మ దాన్ని మడిచి చేపి చేతిలో పెట్టింది. చేపి తీసుకుంది.

కొత్త పాస్‌వర్డు అడిగినప్పుడు, చెయ్యున్న మనిషే కొట్టాలి గనక చేపి తువ్వాలు కప్పుకుని కొట్టింది. మిగతావాళ్ళు గోడవైపు తిరిగారు. జాగ్రత్తయ్య మళ్ళీ వేలిముద్ర మాటెత్తాడు. ఎడమ బొటనవేలు పెట్టుకుంటే చాలక్కా, తాళం తీయడానికి ఈవిడ రోజూ రెండు వీధులు నడిచి రానక్కర్లేదు అన్నాడు.

"నాకు వేలిముద్ర వద్దని నీకు ముందే చెప్పాను" అంది టకటకమ్మ.

చేపి రోజూ తొమ్మిదింటికి వచ్చేది. తాళం తీసి, టకటకమ్మ చదువుతుంటే ఓ గంటసేపు 'హ' పేర్లు కొట్టి, తన రేకుల పందిరికి వెళ్ళిపోయేది. మూడో సోమవారం తొమ్మిదిన్నరకే ఫోను చేసిన మొక్కల టీచరమ్మ వింటూ వింటూ, ఆ చప్పుడు నీది కాదే అమ్మా, ఎవరది అని అడిగింది. నా స్నేహితురాలండీ, నాకంటే బాగా కొడుతుంది అని టకటకమ్మ చెప్పింది. చేపి వినబడనట్టే కొడుతూ పోయింది గానీ, ఆ వరసలో రెండు తప్పులు పడ్డాయి.

పుస్తకం అచ్చుకి వెళ్ళింది. పిండికట్టు విప్పి రెండు నెలలయింది. కుడిచెయ్యి మునుపటిలాగే ఆడుతోంది. అయినా టకటకమ్మ కొత్త పాస్‌వర్డు ఏమిటని అడగలేదు, చేపి చెప్పలేదు, రోజూ తొమ్మిదింటికి వచ్చి తాళం తీసి వెళుతూనే ఉంది. ఒక్క మనిషి చేతిలోనే తాళం ఉండటం ప్రమాదమని జాగ్రత్తయ్య వచ్చినప్పుడల్లా గోల పెడతాడు.

నిజానికి అంత ప్రమాదమేమీ లేదు. తువ్వాలు కింద చేపి కొడుతుంటే, గోడవైపు తిరిగి నిలబడ్డ టకటకమ్మ వేళ్ళు ఆ చప్పుడుకి వాటంతటవే చీర మడతల్లో కదులుతాయి. రెండో రోజుకే ఆ మాట ఏమిటో వేళ్ళకి తెలిసిపోయింది. ఆ సంగతి ఆమె చేపికి చెప్పదు. చెబితే రేపు తొమ్మిదింటికి రాదేమోనని.